ట్యాంకుల దారిలో పొట్టిది

ఫైరింగు రేంజి,
రెండో గేటు పక్క రేకుల గది

ఆడపడుచు గారికి,

చేరాను. ఫోను గేటు దగ్గరే లాక్కుని బిస్కెట్ల డబ్బాలో పెట్టి తాళం వేశారు. ఇక మనకి ఉత్తరాలే గతి. అవి కూడా నేరుగా నీకు రావు. గేటు దగ్గర సార్జంటు ఒకాయన ఉన్నాడు, వచ్చేవీ పోయేవీ అన్నీ విప్పి చదువుతాడు. నోరు విప్పి మాత్రం మాట్లాడడు. అందుకని మీ అన్న గురించి రాయాల్సినవి బోలెడున్నా ఆపుకుంటున్నాను. సార్జంటు గారూ, నమస్కారం. మీ మీసం బాగుంది.

ఇక్కడి పని సంగతి నీకు తెలిసిందే. రేంజి పెంచుకోవాలంటే ముందు అందులో ఏయే మొక్కలున్నాయో లెక్క తీయించాలట, చట్టం. కల్నల్‌కి ఇది అరగడం లేదు. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి, "అమ్మా, మా తాతల కాలం నుంచీ గుండ్లు పేలుస్తున్న నేల ఇది. ఇక్కడ గడ్డి మొలవడమే ఎక్కువ" అన్నాడు. ఆయన కిటికీలోంచి కనబడుతున్నవే ■■ రకాలు గబగబా పేర్లు చెప్పాను. వెంటనే టీ తెప్పించాడు.

పేలని గుండ్లు ఉంటాయని నా ముందు ట్యాంకు డ్రైవరు ఒకాయన గుయ్యిమనే పరికరం పట్టుకుని నడుస్తాడు. ఆయన అడుగులో అడుగేసుకుంటూ నేను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీ అన్న వెనక కూడా ఇంత బుద్ధిగా నడిచింది లేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు. నిన్న ట్యాంకులు తిరిగే దారిలో, గాడిలో నిలిచిన నీళ్ళ అంచున మోకాళ్ళ మీద పడ్డాను. జారిపడ్డానని డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. మీ ఆఫీసు నేలమాళిగలో నువ్వు అట్టకి అంటించి పెట్టుకున్న ఆ ఒక్కగానొక్క ఎండు మొక్క, ఆ జాతే ఇక లోకంలో లేదని అందరూ చేతులు దులిపేసుకున్నది, అది నా ముక్కుకి జానెడు దూరంలో పచ్చగా ఉంది. బొటనవేలంత ఎత్తు. ఇనప రాక్షసులు నెత్తి మీంచి పోతున్నా బతికే ఉంది, మొండిఘటం. మొత్తం ■■ మొక్కలు. దాని పక్కనుంచే ■■ ట్యాంకులు రోజూ పోతాయి.

దానికి పొట్టిది అని పేరు పెట్టాను. నీకు కోపం వస్తే నీ ఎత్తు నువ్వే గుర్తు చేసుకున్నట్టు.

నీ వదిన

(గమనిక: రేంజిలో ఉన్న దేని సంఖ్యా రాయరాదు. కొట్టివేయడమైనది. — గేటు సార్జంటు)


ఎండు మొక్కల గది,
నేలమాళిగ

వదినకి,

వరసకి పెద్దదానివైనా వయసుకి నాకన్నా నాలుగేళ్ళు చిన్నదానివి. కాబట్టి నమస్కారాలేమీ పెట్టను, ఆశీస్సులు పుచ్చుకో.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత బీరువా తీసి ఆ అట్ట బయటపెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ళుగా ఏటా దానికి పురుగుల మందు కొడుతున్నాను, దుమ్ము దులుపుతున్నాను. ఇంట్లో మనిషికి చేసినంత చేశాను. ఇప్పుడది నాకేసి చూసి, నా చుట్టాలు బయట తిరుగుతున్నారు, నువ్వింకా ఇక్కడే ఉన్నావా అన్నట్టనిపించింది.

నాకొక సందేహం, ఎప్పటినుంచో ఉన్నది. పువ్వు రంగేమిటి? నా దగ్గరున్నది కాఫీ పొడి రంగులో ఉంది. కార్డు మీద నీలం అని ఉంది. ఏ నీలం? ఆకాశమా, సిరానా, బట్టలకి పెట్టే నీలమా? నాకు వచ్చే ఏడు వానల మధ్యలో ఉద్యోగం అయిపోతుంది. ఈలోగా దాన్ని ఒక్కసారి ప్రాణంతో చూడాలి. ఇన్నేళ్ళు శవాలకి కాపలా కాసినదాన్ని, ఈపాటి కోరిక కోరుకోకూడదా?

ముందు దానికి కంచె వేయించు. ఆ కల్నల్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరు. ట్యాంకులు ఇంకో దారిన పొమ్మను.

సార్జంటు గారికి: మొక్కలు సైనికులు కావు. అవి ఎన్నున్నాయో తెలిసినంత మాత్రాన శత్రువు మీ మీదికి దండెత్తి రాడు. దయచేసి ఆలోచించండి.

నీ ఆడపడుచు


రేంజి,
అదే రేకుల గది (ఇప్పుడు కారుతోంది)

ఆడపడుచు గారికి,

గెలిచాం.

పదిరోజులు కల్నల్ వెంటపడ్డాను. భోజనాల బల్ల దగ్గర, జెండా దగ్గర, చివరికి ఆయన గడ్డం గీయించుకుంటుంటే మంగలి కుర్చీ పక్కన కూడా నిలబడి చట్టం చదివి వినిపించాను. సగం గడ్డంతో మనిషి పారిపోలేడు కదా. "సరే వేయండి కంచె, నన్నొదలండి" అన్నాడు.

ఇప్పుడు పొట్టిదాని చుట్టూ ముళ్ళకంచె, దానికొక బోర్డు: లోపల అరుదైన మొక్క కలదు, తొక్కినవారు శిక్షార్హులు. ట్యాంకులన్నీ గుట్ట చుట్టూ తిరిగి పోతున్నాయి. మన డ్రైవరుకి బోర్డంటే పేలని గుండు కన్నా భయం పట్టుకుంది. కంచెకి ఇరవై అడుగుల దూరంలోనే బూట్లు విప్పేస్తున్నాడు. ఎందుకయ్యా అంటే, "ఏమోనండి, వేర్లు ఎందాకా ఉన్నాయో" అంటాడు.

నీ ఉపన్యాసం కూడా పారింది. సార్జంటు పైవాళ్ళకి రాసి, మొక్కల సంఖ్యలకి మినహాయింపు తెప్పించాడు. అందుకని చట్టబద్ధంగా రాస్తున్నాను: అరవై ఒకటి. రంగు మాత్రం చెప్పను. వచ్చే ఏడు వచ్చి చూసుకో. చెప్పేస్తే నువ్వు బద్ధకించి అక్కడే కూర్చుంటావు.

వానలు వెనకపట్టాయి, నేనూ మూట సర్దుతున్నాను. మళ్ళీ వచ్చే వానలకే.

నీ వదిన

(గమనిక: అరవై ఒకటి సరియే. వెళ్ళి చూసితిని. — గేటు సార్జంటు)


ఎండు మొక్కల గది

వదినకి,

నువ్వు మళ్ళీ రేంజికి చేరావని అన్నయ్య చెప్పాడు. నువ్వు లేనప్పుడు నీ కుండీలకి నీళ్ళు పోయమంటే ఎంతెంత పోయాలని నన్నడిగాడు. చెప్పాను. అయినా రెండు చచ్చాయట. ఆయనకి తిట్లు తర్వాత రాద్దువుగాని, ముందు ఇది విను.

పొట్టిది మా ఆఫీసు నెత్తికెక్కింది. నువ్వు కావాలని నలుపూ తెలుపులో తీసిచ్చిన ఫొటో పెట్టి క్యాలెండరు అచ్చు వేస్తున్నారు, రంగుకి ఎలాగూ డబ్బుల్లేవట. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నా నేలమాళిగ మెట్లు దిగని డైరెక్టరు దిగాడు. కింద ఇంత చల్లగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే అన్నాడు. పై నుంచి ఒక పెద్దాయన్ని మీ రేంజికి తీసుకొచ్చి, కంచె దగ్గర నిలబెట్టి, క్యాలెండరు ఆయన చేత విడుదల చేయిస్తాడట. వచ్చే నెల ఇరవయ్యో తారీకు. నేనూ కారులో వెనక సీట్లో వస్తున్నాను. నా ఉద్యోగం ముప్ఫయ్యోన అయిపోతుంది. అంటే పది రోజులు ముందన్నమాట. కొత్త చెప్పులు కొన్నాను, నవ్వకు.

ఈ ఏడు ఎన్ని వచ్చాయో వెంటనే రాయి. డెబ్భై దాటి ఉంటాయి. ప్రసంగంలో పెట్టాలట.

నీ ఆడపడుచు


రేంజి,
రేకుల గది

ఆడపడుచు గారికి,

ఇక్కడ అంతా క్షేమం. వానలు సకాలంలో పడ్డాయి. కల్నల్ మీసం పెంచుతున్నాడు, సార్జంటుతో పోటీ అనుకుంటా. ఓడిపోతాడు. వంటాయన పోయినేడు కన్నా లావయ్యాడు, వంట మాత్రం చిక్కిపోయింది. నిన్న రొట్టె కొరికితే నా పన్ను కదిలింది. పన్ను కదిలిందని డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన సైన్యం పళ్ళే చూస్తాడట, బయటివాళ్ళ పళ్ళు చూడడానికి వేరే కాగితం కావాలట. కాగితం కోసం కల్నల్ దగ్గరికి వెళితే ఆయన మీసానికి మైనం రాసుకుంటున్నాడు.

నా గది కప్పు బాగుచేశారు. ఇప్పుడు ఇంకో మూల కారుతోంది.

డ్రైవరుకి కూతురు పుట్టింది. ఏదైనా పువ్వు పేరు చెప్పండి అన్నాడు. ఈ రేంజిలో దొరికే పువ్వులన్నిటి పేర్లూ పిలవడానికి పనికిరానివే అని చెప్పాను.

మీ అన్నకి ఆ కుండీల సంగతి నేనే చెబుతాను, నువ్వు మధ్యలో దూరకు. కొత్త చెప్పులు మంచివే కానీ ఇక్కడ బురద బాగా ఉంది, పాడవుతాయేమో. ఆ పెద్దాయనకి కూడా ఈ బురదలో రావడం కష్టం. వచ్చే ఏడు పెట్టుకుంటే బాగుంటుందేమో అడుగు.

అన్నట్టు, పొట్టివి ఈ ఏడు ■■■ వచ్చాయి.

నీ వదిన

(గమనిక: ఈ ఉత్తరంలో నేనేమీ కొట్టలేదు. నా సిరా నలుపు. ఇది నీలం. — గేటు సార్జంటు)


ఎండు మొక్కల గది

వదినా,

నా ఉద్యోగం ఏమిటో మర్చిపోయినట్టున్నావు. పాత కాగితం మీద ఏ గీత ఎవరు గీశారో, ఏ సిరాతో గీశారో చూసి చెప్పడమే నా ఉద్యోగం. సార్జంటు గారు చెప్పకపోయినా తెలిసేది. ఆయన రూళ్ళకర్ర పెట్టి కొడతాడు. నువ్వు కోడి గెలికినట్టు గెలికావు.

మూడు పేజీలు. అందులో రొట్టె మీద అరపేజీ, పన్ను మీద అరపేజీ. మొక్క మీద ఒక్క వాక్యం, అందులోనూ ముఖ్యమైన మాట లేదు. పెద్దాయనకి బురద అంటుతుందని నీకు ఎప్పటినుంచి బెంగ? ఆయన్ని బురదలో తోసి నవ్వే రకానివి నువ్వు.

నీళ్ళు నమలకుండా చెప్పు. ఎన్ని?

ఈ ఉత్తరం రాస్తూ రెండుసార్లు లేచి వెళ్ళి ఆ అట్ట బీరువాలో ఉందో లేదో చూసొచ్చాను. కోపం అని రాద్దామనుకున్నాను. కోపం కాదు, భయం.

నీ ఆడపడుచు


రేంజి

ఆడపడుచు గారికి,

రెండు.

రెండూ పసుపుపచ్చగా వాడిపోయి, నడుమెత్తు గడ్డి కింద. ఉత్తరం పెట్టెలో వేసేలోపు అవీ ఉంటాయో లేదో తెలియదు. పువ్వు లేదు.

రోజూ వెళ్ళి గడ్డి విడదీసి చూస్తున్నాను. కంచె చెక్కుచెదరలేదు, బోర్డు తళతళలాడుతోంది, లోపలికి చీమ కూడా రాలేదు. ట్యాంకులు నెత్తి మీద తిరిగినన్నాళ్ళూ అరవై ఒకటి ఉన్నాయి. నేను వచ్చి కాపాడాక రెండు. సైన్యం ఇన్నేళ్ళలో చేయలేని పని నేను ఒక్క ఏడాదిలో చేశాను. ఈ సంగతి కల్నల్‌కి తెలిస్తే నన్ను ఆయుధంగా వాడుకుంటాడు.

నవ్వు రావడం లేదులే, అలవాటు కొద్దీ రాశాను. ఏం తప్పు చేశానో తెలియడం లేదు. నేను తొక్కానా? కంచె స్తంభాలకి పూసిన రంగు కారిందా? నీకు రాయడానికి కాగితం తీసినప్పుడల్లా నీ కొత్త చెప్పులు గుర్తొచ్చాయి. అందుకే గెలికాను. నీలం పెన్ను తప్ప దొరకలేదు, దొంగతనానికి కూడా బుర్ర ఉండాలి.

లెక్క పూర్తిచేసి ఇచ్చి, ఈ పని మానేస్తాను. మీ అన్నతో కలిసి కుండీలు చంపుకుంటాను.

నీ వదిన

(గమనిక: విచారిస్తున్నాను. — గేటు సార్జంటు)


ఎండు మొక్కల గది

వదినా,

పని మానడం తర్వాత. ముందు ఇది చదివి, నన్ను తిట్టి, అప్పుడు మాను.

నీ ఉత్తరం అందగానే అట్ట తీశాను. అట్ట అంటున్నాను, మొక్కతో పాటు దానికి అంటించిన చీటీ, కార్డు కాదు. ఇన్నేళ్ళుగా నువ్వు ఏమడిగినా నేను చూసి చెప్పింది కార్డు. చేరిన కొత్తలో ఈ గదిలోని చీటీలన్నీ నేనే కార్డులకి ఎక్కించాను. మొక్క దొరికిన చోటు రాయడానికి కార్డు మీద మూడే గీతలు ఉంటాయి. ఎక్కువున్నవి మూడు గీతల్లో పట్టేలా కుదించేదాన్ని. చక్కగా కుదిస్తానని అప్పటి పెద్దసారు మెచ్చుకున్నాడు కూడా.

పొట్టిదాని చీటీ మీద ఆ మూడు గీతల్లో పట్టనిది ఇంకొంచెం ఉంది. ఆ మొక్కని ఏరిన మహానుభావుడు ఎవరోగాని పెన్సిలుతో, చిన్న అక్షరాలతో రాశాడు. చీటీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"బండ్లదారి గాడిలో, చక్రాలు నలిపిన చోట మాత్రమే. పక్క గడ్డిలో రెండురోజులు వెతికితిని, ఒక్కటీ లేదు. దారి మూసిన చోట మరుసటి ఏడే మాయమగుచున్నది."

అది నేనే వదిలేశాను. బండ్లు, చక్రాలు, ఇవన్నీ మొక్కల శాస్త్రం ఏమిటిలే అనుకున్నాను. నాలుగో గీత గీసుకోవడానికి నాకు బద్ధకమేసింది. అది తెలియక నువ్వు కంచె వేశావు. కంచె వేయించు, పోరు అని రాసింది కూడా నేనే.

తొక్కినా బతికింది అనుకున్నాం వదినా. తొక్కితేనే బతుకుతుంది. గడ్డిని చక్రాలు అణచాలి, మట్టి తిరగబడాలి, లోపల పడుకున్న గింజ పైకి రావాలి. గింజలు ఇంకా మట్టిలో ఉంటాయి. వానలు ఇంకా రెండు నెలలున్నాయి. పోయి ఆ కల్నల్‌ని పట్టుకో. కంచె పీకించి ట్యాంకులు ఎక్కించమను.

డైరెక్టరుకి నేనే చెప్పేశాను, తప్పు నాదని. ఆయన "ఫొటోకి కంచె బాగుంటుంది కదా, మొక్క లేకపోతే ఏం" అన్నాడు. ఆయన్ని అక్కడే వదిలేసి కిందికొచ్చాను. ఇవాళ కబురొచ్చింది, ఇరవయ్యో తారీకు ప్రయాణం రద్దు.

నీ ఆడపడుచు


రేంజి,
గుట్ట కింద

ఆడపడుచు గారికి,

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. ఒక పేజీ తిట్టాను కూడా, బాగా వచ్చింది. తర్వాత చింపేశాను. గాడిలో కళ్ళారా చూసినదాన్ని నేను. నీకు కనబడింది చీటీ, నాకు కనబడింది నేల. పప్పులో కాలు ఇద్దరమూ వేశాం, నాది మోకాలిదాకా దిగింది.

ఉత్తరం పట్టుకుని కల్నల్ దగ్గరికి పరుగెత్తాను. మా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"సార్, ఆ మొక్క మీద ట్యాంకులు ఎక్కించాలి."

"ఏ మొక్క?"

"ఆ మొక్కే."

"అమ్మా, పోయినేడు దాని పక్కన దగ్గితే జైలన్నారు."

"ఇప్పుడు ఎక్కించకపోతే పోతుందంటున్నాను సార్."

ఆయన మైనం డబ్బా మూత పెట్టాడు. "ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నాకు ఇంత మంచి ఉత్తర్వు రాలేదు" అని కుర్చీలోంచి లేచాడు.

ఆయన లేచాడు గానీ డ్రైవరు కదలడే. కంచె పీకేసినా, బోర్డు పీకేసినా, ట్యాంకు ఎక్కి కూర్చుని ఏడుపు ముఖం పెట్టాడు. "నా కూతురికి ఆ పువ్వు పేరే పెట్టుకున్నానండి, ఎలా తొక్కను" అంటాడు. పిలవడానికి పనికిరాదని చెప్పినా పెట్టేసుకున్నాడట, ఇంట్లో పొట్టి అని పిలుస్తున్నారట. చివరికి తొక్కవలెను అని కల్నల్ రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. అది జేబులో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నడిపాడు. కళ్ళు తెరువు మహానుభావా అని నేను పక్కనుంచి కేకలు.

ట్యాంకుని నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించాం. ఆ రెండు మొక్కలూ ముందే ఎండిపోయాయి, తీసి దీంతో పాటు పంపుతున్నాను. ఇప్పుడక్కడ బురద తప్ప ఏమీ లేదు. నా ముప్ఫయ్యేళ్ళ చదువుతో చేయించిన పని ఇది.

మొలుస్తుందని నేను చెప్పలేను. నీ ముప్ఫయ్యో తారీకు లోపల మొలవదని మాత్రం చెప్పగలను. ఆ తర్వాత ఉద్యోగం లేనివాళ్ళకి రేంజి పాసు ఇవ్వరు, అడిగాను. క్షమించు. ఈ మాట జోకు లేకుండా రాయడం నాకు చాలా కష్టమైంది.

నీ వదిన


ఎండు మొక్కల గది,
ఆఖరి రోజు

వదినా,

ఇవాళ ముప్ఫయ్యి. పైన నాకు శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చారు. ఇన్నాళ్ళూ టైముకి వచ్చినదానికి గడియారం ఎందుకో తెలియలేదు. డైరెక్టరు మాట్లాడుతూ నేను ఈ సంస్థకి వేరులాంటిదాన్నన్నాడు. నేలమాళిగ కదా, అందుకే అనుంటాడు.

సాయంత్రం ఒక్కదాన్నే కిందికి వచ్చి కొత్త కార్డు రాశాను. నాలుగో గీత స్కేలు పెట్టి గీశాను. పెన్సిలు రాత మొత్తం ఎక్కించాను, ఒక్క మాట కుదించలేదు. పాత కార్డు చింపలేదు, వెనకే పెట్టాను. నా తరువాత వచ్చేవాళ్ళకి నా బద్ధకం కూడా తెలియాలి.

నువ్వు పంపిన రెండు ఎండు మొక్కలూ అందాయి. అట్టకి అంటించాను. అంటించేటప్పుడు ఏడ్చాను, జిగురు పాడవకుండా పక్కకి తిరిగి.

చెప్పులు పెట్టెలోనే ఉన్నాయి. నువ్వు చేసింది సరైనదే వదినా. మొలవకపోయినా సరైనదే. ఇక తాళాలు ఇచ్చేసి ఇంటికి పోతున్నాను. రంగు ఏ నీలమో ఇప్పటికైనా రాయి, ఇక దాచి లాభం ఏముంది.

నీ ఆడపడుచు


రేంజి

ఆడపడుచు గారికి,

రాయను. వచ్చి చూసుకో.

దీంతో పాటు పాసు ఉంది, జాగ్రత్తగా తియ్యి. ఉద్యోగులకీ, ఇక్కడున్నవారి బంధువులకీ తప్ప పాసు లేదు కదా. నన్ను లెక్కలోకి తీసుకోరట, నేను కూడా బయటిదాన్నే. రెండు రోజులు కల్నల్, సార్జంటు, నేను ఆ కాగితం ముందేసుకుని బుర్రలు గోక్కున్నాం. చివరికి సార్జంటే పెన్ను తీసి, ఎవరి బంధువు అన్న చోట మన మొక్క పొట్టిదాని శాస్త్రనామం పూర్తిగా, తప్పుల్లేకుండా రాశాడు. వరస అన్న చోట పెద్దమ్మ అని రాశాడు. కల్నల్ చదవకుండా సంతకం పెట్టాడు. చదివాడు, చదవనట్టు పెట్టాడు.

కొత్త చెప్పులు వేసుకురాకు. పాతవి వేసుకురా, అవి కూడా గాడి దగ్గర విప్పాల్సిందే. డ్రైవరు వాళ్ళావిడనీ కూతురు పొట్టినీ గేటు దగ్గరికి తీసుకొస్తాడట, నీకు చూపించడానికి.

ఎన్ని మొలిచాయో కూడా చెప్పను. ఈసారి లెక్క నీది. మోకాళ్ళ మీద కూర్చుని నువ్వే పెట్టాలి. నువ్వు ఎంత బతిమాలినా ఒక్క ముక్క చెప్పను.

నీ వదిన

(గమనిక: పై ఉత్తరంలో కొట్టివేయవలసినది ఏమీ లేదు. చేర్చవలసినది ఒకటి ఉన్నది. మన్నించాలి, ఆగలేకపోయితిని. పంతొమ్మిది. రెండుసార్లు లెక్కించితిని. — గేటు సార్జంటు)